గుండుతో ఇంటర్వ్యూకి

విశాఖ వెళ్ళే పాసింజరులో, కోటబొమ్మాళిలో ఎక్కిన కుర్రాడొకడు నా ఎదుట కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు, నున్నటి గుండు. నా చేతిలో ఫైలు చూసి, "నువ్వూ ఇంటర్వ్యూకేనా అన్నా? గుండుతో ఎల్తే ఏటనుకుంటారు?" అని అడిగాడు.

"తిరుపతి మొక్కనుకుంటారులే."

"మొక్కు కాదన్నా. మొన్ననే మా నాన్న పెద్దకర్మ అయినాది."

ఓదార్చడం నాకు చేతకాదు. నిటారుగా కూర్చోవాలి, అడిగినవారి ముఖం చూస్తూ మాట్లాడాలి, జవాబు రెండు వాక్యాలు దాటకూడదు అని చెప్పి ప్రశ్నలు మొదలుపెట్టాను. పేరు, చదువు, చేసిన ప్రాజెక్టు, అన్నీ తడుముకోకుండా చెప్పాడు. అదే ఊపులో, ఆలోచించకుండా, "మీ నాన్నగారు ఏం చేస్తుంటారు?" అనేశాను.

"భావనపాడులో చేపల వేటకెళ్తారు సార్," అని ఆగిపోయాడు.

ఆ ప్రశ్న వదిలేద్దామన్నాను.

"వద్దన్నా. అక్కడా అదే అడుగుతారు. మళ్ళీ అడుగు."

అడిగాను. నిటారుగా కూర్చుని, నా ముఖం చూశాడు.

"లేరు సార్."

తర్వాత మెల్లగా అన్నాడు: "ఊర్లో అందరికీ తెలుసు గదన్నా. నాన్న లేడని నా నోటితో సెప్పడం ఇదే మొదలు."