సామ్యేలన్న ప్రార్థన, అత్త విమానం

పుట్టినప్పటి నుంచి నేను టైముకు అందుకున్నది ఒక్కటే, బడిలో ఇంటిబెల్లు. ఏడో తరగతిలో దాన్ని అందుకుని బయటికొచ్చినవాణ్ణి మళ్లీ వెనక్కి తిరిగి చూడలేదు. అలాంటి నన్ను నమ్మి మా మేనత్త ఎస్తేరమ్మ, "పొద్దుగాల ఆరింటికి జీపు తయారుండాలె రా రాజూ" అంది. జీపు ఆరింటికే వచ్చింది. నేనే ఆరున్నరకు లేచాను.

అత్త షాద్‌నగర్ దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. మా ఊళ్లో చాలామంది ఈ లోకంలో మొదట చూసిన ముఖం ఆమెదే. ఇప్పుడు గువాహతి దాకా విమానంలో వెళ్లి, అక్కడి కొండల్లో ఉన్న ఓ చిన్న మిషన్ ఆసుపత్రిలో కాన్పులు చేయడానికి బయలుదేరింది. అక్కడ చాలాకాలంగా నర్సు లేదట. ఆ ఆసుపత్రి బండి వారానికి ఒక్కసారే కొండ దిగుతుంది, అదీ ఈరోజే. విమానం తప్పితే వారం పోయినట్టే. నెలలు నిండినవాళ్లు మన కోసం వారం ఆగరు కదా.

"ఈ వయసుల ఇంటిపట్టున కూసోరాదత్తా" అన్నాను జీపెక్కుతూ.

"కూసుంటే మోకాళ్లు పట్టుకుంటయ్ గానీ కాలం ఆగుతదా? దేవుడిచ్చిన దినాలల్ల ఇంకెన్ని మిగిలినయో నాకెర్క లేదు. కుర్చీకి మాత్రం ఇయ్య" అంది. అంతటితో ఆగక నా వైపు తిరిగింది. "నేను పోయినంక సండే స్కూల్ పిల్లల్ని నువ్వే చూడాలె. ఏమంటవ్?"

ఈ మాట ఆమె చాలా రోజులుగా అడుగుతోంది. "ఏడో తరగతి గట్టెక్కనోడు ఏం చెప్తడత్తా? చూద్దాం తియ్" అని నేనూ అన్ని రోజులుగా తప్పించుకుంటున్నాను.

మా సంఘంలో ఎవరు దూరం పోతున్నా అందరూ వెంట వెళ్లి, గేటు దగ్గర ప్రార్థన చేసి పంపుతారు. అందుకని పదిమంది పట్టే జీపులో పన్నెండు మందిమి సర్దుకున్నాం. సంఘపెద్ద సామ్యేలన్నకు ముందు సీటు, నాకు సూట్‌కేసు మీద సీటు.

హైవే మీద గంట ప్రయాణం. ఎనిమిదికల్లా శంషాబాద్‌లో దిగి టిఫిన్లకు కూర్చున్నాం. మా తర్వాత ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక సలహా: తినేదేదో ఇక్కడే తినేయండి. విమానాశ్రయంలో చాయ్ ధర వింటేనే నిద్ర వదులుతుంది, తాగనక్కర్లేదు.

పక్క టేబుల్ దగ్గర ఇస్త్రీ చొక్కా వేసుకున్న కోస్తా ఆయన ఒకరు మా హడావుడి చూసి, "మీ ఫ్లైట్ ఎన్నింటికండీ?" అని అడిగారు.

"పదిన్నరకు సార్. శాన టైముంది" అన్నాడు సామ్యేలన్న, ఇంకో ఇడ్లీ చెప్పి.

"ఫ్లైట్ సంగతి కాదండీ, కౌంటర్ సంగతి చూసుకోండి. గంట ముందే మూసేస్తారు. ఆ తర్వాత ఎంత బతిమాలినా లాభం ఉండదండీ."

ఇడ్లీ రాకముందే మేం లేచాం. పదిన్నరకు బయలుదేరే బస్సుకు పదీ ఇరవైకి వెళ్లి, కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకోవడమే మాకు తెలిసిన విద్య.

తొమ్మిదికి విమానాశ్రయం చేరాం. జీపు ఆగీ ఆగకముందే పోలీసు విజిల్ వేసి తరిమేశాడు. టికెట్ ఉన్నవాళ్లకే లోపలికి దారి. గేటు పక్కన స్తంభం దగ్గర అత్తను మధ్యలో నిలబెట్టి చుట్టూ చేరాం. సామ్యేలన్న చేతులు పైకెత్తాడు. "ప్రేమగల పరలోకపు తండ్రీ..."

అత్త సీటుతో మొదలుపెట్టాడు. పైలట్‌ను దీవించాడు. పైలట్ భార్యాపిల్లల్ని దీవించాడు. మబ్బుల్ని పక్కకు జరిపించాడు. అక్కడి నుంచి మందిరం పైకప్పు రేకుల మీదికి వచ్చి, చివరికి తన పొలంలో ఎండిపోయిన బోరు దగ్గర దిగాడు. ఒక కన్ను తెరిచి సెల్‌ఫోన్ చూశాను. తొమ్మిదీ ఇరవై దాటింది. సాగుతున్న ప్రార్థనను మధ్యలో ఆపే అలవాటు మాలో ఎవరికీ లేదు, పాస్టరు అయ్యగారికి కూడా. అత్త కూడా ఒక కన్ను తెరిచింది. ఆమె చెయ్యి సూట్‌కేసు పిడి మీదే ఉంది. తెరిచిన కన్ను మాత్రం గేటు మీదుంది. అంత ధైర్యంగల మనిషి కన్ను అలా బెదరడం నేనెప్పుడూ చూడలేదు.

బోరు నుంచి దాని ట్రాన్స్‌ఫార్మర్ మీదికి పోబోతూ సామ్యేలన్న ఊపిరి తీసుకున్నాడు. అంతే, "యేసు నామమున అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్!" అని గట్టిగా అనేశాను.

ఆ మాట చెవిన పడితే చాలు, మా నోళ్లు వాటంతటవే పలుకుతాయి. అందరూ "ఆమేన్" అన్నారు. అందులో సామ్యేలన్న గొంతే పెద్దది. ఆయన కళ్లు తెరిచేసరికి అత్త గేటు దగ్గర ఆధార్ చూపిస్తోంది.

కాసేపటికి ఫోన్ మోగింది. "అందింది రా. నా ఎనుకనే కౌంటర్ మూసిండ్రు!"

తిరుగుదారిలో రోడ్డు పక్కన జీపు ఆపి, పైకి లేచిన ప్రతి విమానానికీ చేతులూపాం. ఏదో ఒకదాంట్లో అత్త ఉండకపోదు. శంషాబాద్‌లోనే భోజనాలు కానిచ్చాం. సామ్యేలన్న మాత్రం మొహం గంటు పెట్టుకునే తిని, జీపెక్కాక నా మీద పడ్డాడు.

"సరిగ్గ నా బోరు కాడ ఆపినవ్ కదరా. నీళ్లు పడకుంటే నీదే పూచీ."

"దేవునికి మిగిలింది ఎర్కే అన్నా. రోజూ నీ నోట వింటనే ఉన్నడు గదా!"

జీపంతా నవ్వింది. నాకు మాత్రం బెదిరిన అత్త కన్నే గుర్తొచ్చింది. దేవుని దగ్గర కాలానికి కొదవ లేదు, కొదవంతా మనకే. ఆయన ముందు ఎంతసేపైనా మోకరించవచ్చు గానీ, ఆయన అప్పగించిన పనికి గేట్లు మూసే వేళ ఒకటుంటుంది.

షాద్‌నగర్ దగ్గరపడుతుండగా అత్త మళ్లీ ఫోన్ చేసింది. విమానం దిగిందట, కొండబండి కూడా దొరికిందట. అందరూ వినాలని స్పీకర్ పెట్టి గొప్పలకు దిగాను. "చూసినవా అత్తా, నా ఒక్క ఆమేన్‌తోని నీ పనైంది. నా అసుంటోడు సంఘంల ఇంకొకడున్నడా?"

"లేడు బిడ్డా. సామ్యేలునే ఆపినోనికి పదిమంది పిల్లల్ని ఆపుడు ఒక లెక్కనా? ఆదివారం తొమ్మిదింటికి క్లాసు. సామ్యేలూ, ఇంటున్నవా? వీడు ఆలస్యంగ వస్తే, పట్టుకొని నిలవెట్టి ప్రార్థన చెయ్యి. బోరు కాడికెల్లి మొదలువెట్టు."