గుమ్మంకాడ పిలుపు

కలరా ఉండల వాసనేసే మిలిటరీ రగ్గు కప్పుకుని మా నాన్న గురక పెడుతున్నాడు. కాఫీ చల్లారిపోతోంది. ఈయన్ని లేపే గొడవ నాకు రెండో క్లాసు నుంచీ ఉంది.

పోర్టులో ఓడ కూసినా లేవని మనిషి, ఒంటిమీద చెయ్యి పడితే దిగ్గున లేచేవాడు. అందుకే "ముట్టుకోకు, గుమ్మంకాడ నిలబడి పిలు" అని అమ్మ ఆర్డరు. బోర్డరులో పనిచేసి రిటైరై వచ్చినా ఈయనకింకా ఆఫీసరు దర్జాయేటి అని నాకు ఒళ్లు మండేది. స్కూటరు మీద బడికి దింపాల్సింది ఆయనే మరి.

ఓరోజు బెల్లు టైమైపోతోంది. పిలిచి పిలిచి గొంతు పోయింది. విసుగెత్తి, వెళ్లి భుజం పట్టుకుని కుదిపేశాను. లేచి నా మణికట్టు పట్టేసుకున్నాడు. నావైపే చూస్తున్నాడు గానీ నేను కనబడుతున్నట్టు లేదు.

"అందరూ ఉన్నారా?" అన్నాడు.

వీధిలో బడిపిల్లల సంగతి అనుకున్నాను.

"ఇంకెవులున్నారు? నానొక్కర్తినే మిగిలిపోనాను!" అని అరిచాను.

నాన్న మంచం మీద అలాగే కూర్చుండిపోయాడు. నా చెయ్యి వదల్లేదు. బోర్డరులో తనతో ఉన్నవాళ్ల గురించి అడిగాడని అప్పుడు నాకేం తెలుసు? బడిలో గోడకుర్చీ వేయించారు. ఆయన్ని తిట్టుకుంటూనే వేశాను.

ఇప్పటికీ లోపలికెళ్లి లేపను. గుమ్మంకాడే నిలబడి అరుస్తాను.

"అందరం ఉన్నాం, లెగు నాన్నా! కాఫీ సల్లారిపోతంది."