సార్తెన్‌తో పది వాక్యాలు

గల్ఫ్‌లో, అద్లియాలోని ఒక స్పానిష్ హోటల్ వంటగదిలో భూమేష్ మూడేళ్లుగా గిన్నెలు తోముతున్నాడు. జగిత్యాల దగ్గరి మనిషి. చదువు ఏడో తరగతితో ఆగింది గాని, భాషలంటే బెరుకు లేదు. కొత్త మాట చెవిన పడితే, దాన్ని పది వాక్యాల్లో వాడేదాకా వదలడు. అదే వంటగదిలో కూరగాయలు తరిగే బాలన్నదీ అతనిదీ ఒకే గది. అందుకని ఆ పది వాక్యాలూ వినవలసింది బాలన్నే.

ఆ వారం మాట సార్తెన్. అంటే స్పానిష్‌లో పెనం.

"సార్తెన్ల నూనె పొయ్యి," అన్నాడు భూమేష్, బట్టలు ఆరేస్తూ. "సార్తెన్ మంచిగ కాలింది. నా అంగీకి సార్తెన్ మసి అంటింది. మా అవ్వ సంతల కొన్న కొత్త సార్తెన్‌కు ఉల్లిగడ్డ రుద్దుతది."

"నాలుగైనయ్. ఇంక ఆరున్నయా? నా పానం తియ్యకురా."

"సార్తెన్ల చాపలు వేయించినవా అని నిన్న ఫోన్‌ల స్వర్ణను అడిగిన."

"నీ పెండ్లాం ఏమన్నది?"

"తాగినవా అన్నది."

ఆ మాటే ఎంచుకోవడానికి కారణముంది. ఆదివారం పొద్దున భూమేష్ చేత బంగాళాదుంపల ఆమ్లెట్ వేయించి చూస్తానని పెద్ద వంటమనిషి మార్తా చెప్పింది. అది చెదరకుండా పళ్లెంలోకి దిగితే పొయ్యి దగ్గర పని. చెదిరితే మళ్లీ గిన్నెలు తోమే తొట్టి దగ్గరికే.

ఆమ్లెట్ వేసే ఇనుప పెనం మార్తా పొయ్యి పక్కన మేకుకు వేలాడేది. నల్లటిది. దాన్ని ఆమె ఎప్పుడూ తొట్టికి పంపలేదు. తనే ఉప్పు చల్లి గుడ్డతో తుడుచుకునేది. శనివారం ఆమె పని ముగించుకుని తొందరగా వెళ్లిపోయింది. పెనం పొయ్యి మీదే ఉండిపోయింది. తొట్టి దగ్గర ఇదే చివరి రోజు కావాలనుకున్నాడు భూమేష్. ఎవరూ వంక పెట్టకూడదు. నల్లగా కనిపించిన ప్రతిదాన్నీ తెల్లగా చేయడమే మూడేళ్లుగా అతని ఉద్యోగం. సబ్బూ, స్టీలు పీచూ పట్టి గంటసేపు తోమాడు. పెనం తళతళలాడింది.

పొద్దున్నే దాన్ని చూసి మార్తా అరవలేదు. స్టూలు మీద కూలబడింది.

"ఇది మా అమ్మమ్మది," అంది, తనకొచ్చిన కాస్త హిందీలో. "నలభై ఏళ్ల నూనె పట్టిన పొర పోయింది. ఇక ఏదేసినా అంటుకుంటుంది. ఖలాస్."

"ఇనుప పెనాన్ని సబ్బుతోని తోమినోన్ని నిన్నే చూస్తున్నరా," అన్నాడు బాలన్న, ఉల్లిగడ్డలు తరుగుతూ.

"నిన్న చెప్పకపోతివి!"

"నిన్న నాకు డ్యూటీ ఉంటె గద."

భూమేష్ పెనాన్ని చేతిలో తిప్పి చూశాడు. సంతలోంచి అప్పుడే తెచ్చినట్టుంది.

"అన్నా, నాలుగో వాక్యం ఏంది?"

"ఏ వాక్యంరా?"

"సార్తెన్‌ది."

బాలన్న కత్తి ఆగింది. ఒక పెద్ద ఉల్లిగడ్డను అడ్డంగా రెండు చేసి, ఒక ముక్కను అతనివైపు దొర్లించాడు.

"మేడం, సార్తెన్ నేనే ఖరాబ్ చేసిన. నేనే మంచిగ చేస్త. ఒక్క గంట," అన్నాడు భూమేష్. సగం తెలుగు, సగం హిందీ.

పెనంలో ఉప్పు వేయించి పారబోశాడు. ఉల్లిముక్కను ఫోర్కుకు గుచ్చి, నూనెలో ముంచి, పొగ లేచేదాకా రుద్దాడు. తుడిచాడు. మళ్లీ రుద్దాడు. తెలుపు పోయి గోధుమరంగు వచ్చింది. చేతులు కట్టుకుని చూస్తున్న మార్తా మూడోసారికి లేచి వచ్చి మంట తనే తగ్గించింది. ఏడోసారికి నలుపు తిరిగింది.

అప్పుడు దుంపలు వేయించి, గుడ్లు కలిపి, ఆమ్లెట్ వేశాడు. పళ్లెం బోర్లించి, ఒక్క ఊపున తిప్పాడు. గుండ్రంగా, నిండుగా దిగింది. పెనం అంచుకు మాత్రం గోరంత ముక్క అంటుకుపోయింది. మార్తా దాన్ని వేలితో గీకి నోట్లో వేసుకుంది. పెనాన్ని తుడిచి, పాత మేకుకు తగిలించబోయి ఆగి, భూమేష్ చేతికిచ్చింది. అతను నిలబడబోయే పొయ్యి పక్కన ఇంకో మేకు ఖాళీగా ఉంది.

మధ్యాహ్నం స్వర్ణకు ఫోన్ చేశాడు.

"సార్తెన్ నా చేతిల పెట్టిన్రు."



"ఏ సార్తెన్?" అంది స్వర్ణ. "పెద్దదా, చిన్నదా?"