చెప్పుల స్టాండు కాడ ట్రైనింగు

పొద్దున తిరుచానూరు అమ్మవారి గుడికి పోయినాను. బయట చెప్పుల స్టాండు కాడ మా మనవరాలు నిలబడి ఉండాది. మెడలో కంపెనీ కార్డు, రెండు చేతుల్లో ఎవరివో బ్యాగులు. కంప్యూటరు చదువు ముగించి, తిరపతిలో ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్పుకి చేరింది. పని నేర్పించి సర్టిఫికెట్ ఇస్తామన్నారంట.

"ఈడేం చేస్తాండావు పాపా?"

"ట్రైనింగే తాతా. మేనేజరు బావమరిదోళ్ళు దర్శనానికొచ్చినారు. సామాన్లు చూసుకోమన్నారు."

"మరి పని ఎప్పుడు నేర్పిస్తారంట?"

"అట్లా అడిగితే సర్టిఫికెట్ ఇయ్యరు. నాయనకి చెప్పబాకు."

అంతలో వాళ్ళు బయటికొచ్చినారు. ఒకాయన చెప్పులు తొడుక్కుంటా, "బాగా చేసినావమ్మా, మీ సార్‌కి చెప్తాలే" అన్నాడు. మా పాప "థ్యాంక్స్ సార్" అనింది. ఆయన్ని నాలుగు మాటలు అడిగేద్దామనుకున్నా, కానీ నోరు పెగల్లేదు. కొత్తోళ్ళతో మాట్లాడే అలవాటు లేదు నాకు.

అందుకే ఈడ నా ఫోన్ స్టేటస్‌లో రాస్తాండాను. చదువుకున్నోళ్ళు చెప్పండబ్బా, బ్యాగులు మోస్తే ఇచ్చే సర్టిఫికెట్‌లో ఏమని రాస్తారు?

నాయనకి చెప్పబాకు అనింది, చెప్పలేదు. ఈ స్టేటస్ చూసి మా వాడే ఆ కంపెనీకి బయల్దేరితే, వాడితో పాటు నేనూ పోతా. అప్పుడైనా నోరు పెగుల్తాదేమో.