దొరికిన చోటికి వెళ్ళని మనిషి

పోయిన వారం మా ఊళ్ళోని తోర్వా పేటలో బండి ఆపాల్సి వచ్చింది. రోడ్డు సగం తవ్వి పెట్టారు. పసుపు చొక్కా వేసుకున్న ఒకతను పొడవాటి కర్రలాంటి పరికరాన్ని నేలకు ఆనించీ ఆనించకుండా పట్టుకుని నడుస్తున్నాడు. అందులోంచి కీచుమని సన్నటి కూత వస్తోంది. ఒక అడుగు ఇటు వేస్తే గట్టిగా, అటు వేస్తే నీరసంగా. వెనక హారన్లు మోగుతున్నా నా కాలు కదల్లేదు. భూమిలో తెగిన తీగ కోసం అతను వెతుకుతుంటే నా కళ్ళ ముందు నల్లటి ఆకాశం, అందులో తిరిగే ఎనిమిది నీలం గోళాలు, వాటి వెనక పైడిరాజు గారి ముఖం. ఆయన పోయి మూడేళ్ళయింది. ఆయనంటే నాకున్నది అభిమానమా, అనుమానమా, సిగ్గా అని ఎవరైనా నిలదీస్తే ఈనాటికీ నీళ్ళు నములుతాను.

హిందీ మాట్లాడే మా ఊళ్ళో, లాల్‌ఖదాన్‌ అనే పేటలో, మా ఇంటినీ ఆయన ఇంటినీ వేరు చేసేది ఒక్క గోడ. వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చారు. ఈయన ఇక్కడే పుట్టి, హిందీలో చదువుకుని, రైల్వేలో కేబుళ్ళు చూసే పని చేసి రిటైరయ్యారు. పట్టాల పక్కన భూమిలో ఎక్కడో తీగ తెగుతుంది. స్టేషన్‌లో మెషిన్ పెట్టి, ఇన్ని మీటర్ల దూరంలో అని తేల్చి, నడుచుకుంటూ వెళ్ళి అక్కడ ఒక మేకు దిగ్గొట్టి రావాలి. తవ్వేది వేరే గ్యాంగ్. ముప్పై ఏళ్ళకు పైగా ఆ పని చేసి కూడా, తాను మేకు కొట్టిన చోట గొయ్యి తవ్వుతుంటే నిలబడి చూసిన రోజులు చాలా తక్కువని ఆయనే చెప్పేవారు. మేకు కొట్టగానే టీకి వెళ్ళిపోయేవారట.

నేను అప్పట్లో ఒక బొగ్గు లారీల ఆఫీసులో కంప్యూటర్ ముందు పని చేసేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చి మళ్ళీ కంప్యూటర్ ముందే కూర్చుని ఆకాశంలో ఓడలు నడిపే ఒక ఆన్‌లైన్ ఆట ఆడుతుంటే, మా అమ్మ నన్ను ఏ వైద్యుడికి చూపించాలా అని ఆలోచించేది. ఆ ఆటలో కొన్ని చోట్లు కంటికి కనబడవు. పాత శిథిలాలు, ఇంకో ఆకాశంలోకి తెరుచుకునే బిలాలు. ఓడలోంచి ఎనిమిది ప్రోబులు, అంటే వెతికే నీలం గోళాలు, వదిలి, వాటిని చుట్టూ పరిచి, వచ్చే సంకేతాన్ని బట్టి జరుపుతూ, వాటి మధ్య దూరం తగ్గిస్తూ పోవాలి. అంకె పెరిగి నూటికి నూరు అయితే చోటు దొరికినట్టు. అది కూడా మూడు నాలుగు రోజులే ఉంటుంది. తర్వాత మాయమైపోతుంది.

ఒక సాయంత్రం పైడిరాజు గారు మా నాన్న కోసం వచ్చి, ఆయన లేకపోతే నా వెనక నిలబడ్డారు.

"ఏటమ్మా అవి, గాజుబుడగలా?"

చెప్పాను. పది నిమిషాలు ఓపిక పట్టారు. నేను పదకొండోసారి తప్పగానే ఇక ఆగలేకపోయారు.

"అన్నీ ఒక్క దగ్గిరే గుంపుగా ఎట్టీసావు. అలాగైతే అదెటున్నాదో ఎలా తెలుస్తాది? ఇడదీసి ఎట్టు. రెండు పక్కల్నుంచీ ఇనాల."

విడదీసి పెట్టాను. అంకె ఒక్కసారి ఎగిరింది. నాకు ఒళ్ళు మండింది. ఆట పేరు కూడా తెలియని మనిషి నాకు నేర్పడమేమిటి! పదిహేను రోజుల్లో ఆయన ఎవరిదో పాత లాప్‌టాప్ తెచ్చుకున్నారు. ఇంగ్లీషు మాటలన్నీ మొదట నేనే చదివి చెప్పేదాన్ని. తర్వాత ఆ అవసరం లేకపోయింది. ఎరుపు ఆకుపచ్చగా మారితే చాలు, ఆయనకు భాషతో పని లేదు.

మా గుంపులో పదకొండు మందిమి ఉండేవాళ్ళం. నాయకుడు వంశీ హైదరాబాద్ కుర్రాడు. మాటలు పటాసులు. ఆయన్నీ గుంపులో చేర్పించమని నేనే వంశీని అడిగాను. ఆయన వెతికే తీరే వేరు. మేమంతా గట్టిగా మోగే సంకేతం వెంట పడితే ఆయన అన్నిటికంటే నీరసంగా ఉన్నదాన్ని పట్టుకునేవారు.

"గట్టిగా మోగిందానికాడికి అందరూ ఎల్తారు. దానికి నువ్వెందుకు? సన్నంగా ఉన్నదాన్ని ముందు సూడు."

కానీ దొరికిన చోటికి ఒక్కసారి కూడా ఆయన వెళ్ళలేదు. నూరు కాగానే చిరునామా మాకు పంపి, ఓడ తిప్పుకుని ఇంకో చోటికి వెళ్ళిపోయేవారు. లోపల ఏముందో చూడాలని లేదా అని అడిగితే, "దొరికింది కదా, ఇంకేటి?" అన్నారు. ఆ జవాబు నాకు అప్పుడూ అర్థం కాలేదు. గొప్ప మాటలా అనిపించేది ఒకరోజు, ఉత్త బద్ధకంలా అనిపించేది ఇంకోరోజు.

ఒక ఆదివారం పొద్దున్న ఆయన ఒక బిలం అవతల పెద్ద శిథిలాన్ని కనిపెట్టారు. మాలో నలుగురం వెళ్ళాం. నేను ఆ వానాకాలమంతా కష్టపడి సమకూర్చుకున్న ఓడతో వెళ్ళాను. లోపల అడుగుపెట్టిన ఐదు నిమిషాలకు, మా కోసమే కాచుకున్నట్టు, మాకు పోటీగా ఆడే అవతలి గుంపు వాళ్ళు వచ్చి పడ్డారు. నాలుగు ఓడలూ బూడిద. నిజం బయటపడటానికి ఎంతోసేపు పట్టలేదు. ఎవడో దారిన పోయేవాడు హిందీలో "దాదా, ఇటువైపు ఏమైనా ఉందా?" అని రాస్తే, పైడిరాజు గారు మాకు పంపిన చిరునామానే వాడికీ పంపారు.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి పరిగెత్తాను.

"ఎందుకు చెప్పావు బాబాయ్?"

"అడిగినాడమ్మా."

"అడిగితే చెప్పేస్తావా? వాడు అవతలి గుంపువాడు!"

"నాకేటి తెలుసు వాడెవడో." తెర మీద ఒక ప్రోబుని పక్కకి జరిపారు. "తెలిసినా సెప్పీవోడినేమో. కేబుల్లో ఫాల్ట్ దొరికాక రెండు కొసల్లో ఉన్న స్టేషన్లకీ సెప్పాల కదా... ఏమోనమ్మా, ఇది అలాటిది కాదేటి?"

ఆ 'ఏమో' నా బుర్రలో ఇంకా తిరుగుతూనే ఉంది. తెలిసినా చెప్పే మనిషి అమాయకుడు ఎలా అవుతాడు? ద్రోహి మాత్రం తనంతట తాను ఆ మాట ఎందుకు బయటపెడతాడు?

మర్నాడు సాయంత్రం అందరూ ఆటలో గొంతుతో మాట్లాడుకునే గదిలో చేరారు. వంశీ ఆయన గూఢచారి అని తేల్చేశాడు. ఒక్క ప్రశ్న మాత్రం నాకు మిగిల్చాడు.

"సుగుణా, నువ్వు ఆయన పక్కింట్లోనే ఉంటావు. ఆయన్ని తెచ్చిందీ నువ్వే. నువ్వు చెప్పినట్టే చేద్దాం. తెలిసి చేశాడా, తెలియక చేశాడా?"

ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే పైడిరాజు గారికి చెవులు నొప్పి పుట్టేవి, అందుకని స్పీకర్ పెట్టుకునేవారు. వంశీ ప్రశ్న నా చెవిలో ఒకసారి, గోడ అవతల ఇంకోసారి వినిపించింది. అంటే నా జవాబు కోసం ఆయనా కూర్చుని ఉన్నారన్నమాట. బూడిదైన నా ఓడ కళ్ళ ముందు ఆడుతోంది. తెలియక చేశారని చెబుదామంటే ఆ 'ఏమో' అడ్డం పడింది. తెలిసి చేశారని చెప్పడానికి నోరు రాలేదు. అరనిమిషం గడిచింది. "అర్థమైంది," అన్నాడు వంశీ. గోడ అవతల స్పీకర్లో కూడా వంశీ గొంతే "అర్థమైంది" అంది. ఆయన పేరు మా జాబితాలోంచి పోయింది.

రెండు రోజుల తర్వాత వరండాలో కనబడి, "నీ ఓడ మళ్ళీ ఎప్పుడమ్మా?" అని అడిగారు, ఏమీ జరగనట్టు. దెప్పిపొడుపేమోనని ముఖంలోకి చూశాను. ఏమీ తెలియలేదు. ఆ రోజు నుంచి నాకు ఒక్కదానికే చిరునామాలు పంపడం మొదలుపెట్టారు. వారానికి ఒకటి, ఒక్కోసారి రెండు. మాట ఉండదు, చోటు మాత్రమే. నేను ఒక్కదానికీ వెళ్ళలేదు. సిగ్గు వల్లే అని మొదట అనుకున్నాను. తర్వాత నాకు నేనే ఒప్పుకున్నాను, భయం కూడా. ఆ రోజు నోరు విప్పనందుకు కక్ష తీర్చుకుంటున్నారేమో, అక్కడ నా కోసం ఎవరైనా కాచుకుని ఉన్నారేమో! మా ఇంట్లో గారెలు వండితే మొదటి పళ్ళెం ఎవరి ఇంటికి వెళ్తుందో ఆ మనిషి గురించి నేను అలా ఆలోచించాను. రాయడానికే చేతులు రావడం లేదు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, కుర్చీలో కూర్చుని కూర్చునే పోయారు. పదో రోజు అయ్యాక ఆయన పంపినవన్నీ వరసగా తెరిచాను. నలభై ఒక్క చోట్లు. ఒక్కోదానికీ వెళ్ళాను. ఏ చోటా ఏమీ లేదు, ఎవరూ లేరు. ఉండదని నాకు తెలుసు, అవి మాయమైపోయే చోట్లే. అక్కడ శిథిలాలు ఉండేవో, ఉచ్చులు ఉండేవో తేల్చే దారి ఇక ఏ ప్రోబుకీ లేదు. ఈ మధ్య వంశీకి ఫోన్ చేసి ఆ సంగతి ఎత్తితే, "పైడిరాజా? ఎవరు?" అన్నాడు.

ఇప్పుడు నేను వేరే ఆఫీసులో ఉన్నాను. పోయిన నెల ఒక గుమాస్తా మీద విచారణ వస్తే, పక్క సీటుదాన్ని కాబట్టి నన్ను పిలిచారు. కావాలని చేశాడా, పొరపాటా అని అడిగారు. "నాకు తెలియదు సార్," అన్నాను. అధికారి విసుక్కున్నారు. "తెలియదంటే ఏమిటమ్మా, ఏదో ఒకటి చెప్పాలి కదా!" అన్నారు. నేను మళ్ళీ అదే, గది బయటివాళ్ళకు కూడా వినబడేంత గట్టిగా చెప్పాను. తెలియదని రాసుకోమన్నాను. రాసేదాకా లేవలేదు. ఆ గుమాస్తా తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

అంత గట్టిగా అనక్కర్లేదు, నాకు తెలుసు. వంశీ అడిగిన ఆ సాయంత్రం, ఈ 'తెలియదు' మామూలు గొంతుతో అన్నా సరిపోయేది. ఒక్క గోడే కదా, ఆయనకు వినబడేది.