పాప రక్తంలో అమ్మ యాంటీబాడీలు

స్టెల్లాది గణపవరం, మిషన్ స్కూలు లెక్కల మాస్టారి కూతురు. ఏలూరు ప్రభుత్వాసుపత్రి హెచ్ఐవి పరీక్షల గదిలో టెక్నీషియన్. ఫలితం రాసిచ్చి ఊరుకునే మనిషి కాదు, అర్థమయ్యేదాకా చెప్పి పంపేది.

కొల్లేట్లో అక్రమ చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన ఏడాది, సుబ్బలక్ష్మి తొమ్మిది నెలల పాపతో, అత్తగారు వెంకటనరసమ్మతో వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడే సుబ్బలక్ష్మికి హెచ్ఐవి అని తేలింది. కాన్పప్పుడు తల్లికీ బిడ్డకీ మందు వేశారు. ఆరో నెలలో పాలు మాన్పించారు. మొన్న జ్వరమొస్తే ప్రైవేటు ల్యాబులో పాపకి పాజిటివ్ అన్నారు. అప్పట్నుంచి ఇంట్లో ఎవరూ ఆ బిడ్డని ఎత్తుకోవడం లేదు. టీకాలూ మానేశారు.

"ఆ పరీక్ష వైరస్‌ని చూడదండీ, యాంటీబాడీల్ని చూస్తుంది. అవి మీ కోడలివే అయ్యుండొచ్చు," అంది స్టెల్లా.

వైరస్ మీద ముళ్లలాంటి మొనలుంటాయనీ, వాటి ఆకారాన్ని గుర్తుపట్టి అతుక్కునే యాంటీబాడీలని శరీరం తయారుచేస్తుందనీ వివరించింది. మొనలు మూసుకుపోతే వైరస్ కణంలోకి దూరలేదు. తల్లి ఒంట్లోని ఆ యాంటీబాడీలు కడుపులోనే బిడ్డకి చేరతాయి, వైరస్ చేరకపోయినా సరే. ఏడాదిన్నర లోపు కరిగిపోతాయి.

"మరి నా జబ్బుని అవెందుకు ఆపలేదండీ?" అని సుబ్బలక్ష్మి అడిగింది.

స్టెల్లా దాటవేయలేదు. "ఆ మొనల్ని వైరస్ మార్చేసుకుంటూ ఉంటుందమ్మా. నీ ఒంట్లో కొత్తవి తయారయ్యేలోపు అది మళ్లీ మారిపోతుంది. అందుకే నీకు మందులు కావాలి."

పాపకి లేదని రాసిమ్మంది వెంకటనరసమ్మ. అది ఇప్పుడే చెప్పలేననీ, పద్దెనిమిది నెలలు నిండాక తేలుతుందనీ స్టెల్లా చెప్పింది. పాపని తనే ఎత్తుకుని టీకాల గదికి నడిచింది. ఆ తర్వాత రెండుసార్లు సెలవు రోజున బస్సూ పడవా ఎక్కి వాళ్ల ఊరు వెళ్లి, వేరే జబ్బులు సోకకుండా పాపకి ఇచ్చిన సిరప్ మానకుండా చూసింది.

తొమ్మిది నెలల తర్వాత మళ్లీ రక్తం తీసింది. కిట్టు మీద ఒక్క గీతే వచ్చింది, అది కిట్టు సరిగ్గా పనిచేస్తోందని చెప్పే గీత. యాంటీబాడీలుంటే రావాల్సిన రెండో గీత రాలేదు.

"పాపకి లేదండీ," అంది స్టెల్లా.

వెంకటనరసమ్మ కోడలి చేతుల్లోంచి మనవరాలిని తీసుకుని చంకనెత్తుకుంది. సుబ్బలక్ష్మి కళ్లు తుడుచుకుని, తన మందుల కోసం ఏ రోజు రావాలో అడిగింది.

"సోమవారం పొద్దున్నే వచ్చెయ్యమ్మా. నేనుంటాను."