జిరాక్సు చూసి పెట్టిన సంతకం

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది మే నెలలో, జమ్మలమడుగులోని వినికిడి లేని పిల్లల బడి లెక్కలు మూడోసారి నా చేతికి వచ్చాయి. నేను ప్రొద్దుటూరులో చార్టర్డ్ అకౌంటెంటును. బడి నడిపే సొసైటీకి పన్నెండు లక్షల నిల్వ నిధి ఉండేది. విరాళాలు ఆగిపోయినా ఒక ఏడాది హాస్టల్లో పొయ్యి వెలగాలని బ్యాంకులో డిపాజిట్ వేసుకున్న డబ్బు అది.

డిపాజిట్ అసలు రసీదు కళ్లతో చూశాకే ఆడిటర్ సంతకం పెట్టాలి. రెండేళ్లూ నేను జిరాక్సు చూసి పెట్టేశాను. కార్యదర్శి ఓబుళరెడ్డి సారు హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పినవాడు. ఆయన్ని అసలుది తెమ్మనడానికి నోరు రాలేదు. వెధవ మొహమాటం!

ఆ ఏడు ఒక దాత పట్టుబట్టడంతో ధ్రువీకరణ కోరుతూ బ్యాంకుకు ఉత్తరం రాశాను. డిపాజిట్ రద్దయి పద్నాలుగు నెలలైందని జవాబు వచ్చింది. అంటే కిందటేడు నేను సంతకం పెట్టేనాటికే డబ్బు అక్కడ లేదు. లైసెన్సు పోతుందన్న భయమే ముందు పుట్టింది, పిల్లలు తర్వాత గుర్తొచ్చారు.

వెంటనే జమ్మలమడుగు బస్సెక్కాను. సారు ఏమీ దాచలేదు. బ్యాంకు వడ్డీ కూరగాయలకు కూడా చాలక, ఆ డబ్బును ప్రొద్దుటూరు బంగారు అంగడాయనకు నూటికి రూపాయిన్నర వడ్డీకి ఇచ్చాడట. కాగితం లేదు. మా ఊళ్లో పెళ్లికి దాచిన సొమ్ము కూడా అలా నోటిమాట మీదే అంగట్లో పెడతారు. నెలనెలా వచ్చిన వడ్డీతోనే పిల్లలు గుడ్డు తిన్నారు. మరి నాకు పాత జిరాక్సు ఎందుకు ఇచ్చారని అడిగాను.

"నువ్వు అసలుది అడగల్యా గదప్పా. అడిగింటే చెప్పేటోణ్ణి," అన్నాడు.

ఆ అంగడాయన ఐపీ పెడతాడని, అంటే దివాలా పిటిషన్ వేస్తాడని, అప్పటికే ఊళ్లో గుసగుస. మేము గట్టిగా అడిగితే అందరూ ఎగబడతారని భయం, అడక్కపోతే మొత్తం పోతుందని భయం. మర్నాడు ఇద్దరం వెళ్లాం. టీ ఇప్పించి, నాలుగు లక్షలు చేతిలో పెట్టి, మిగతాది శుక్రవారం తీసుకోమన్నాడు. శుక్రవారం అంగడి తెరవలేదు.

జూన్‌లో హాస్టల్లో కొత్త పిల్లల్ని చేర్చుకోలేదు. పులివెందుల నుంచి కూతురితో, ట్రంకుపెట్టెతో వచ్చిన ఒక తల్లి నన్నే బడి మనిషి అనుకుంది.

"ఇంగ యాడికి పోవల్ల సారూ?" అని అడిగింది.



నిధి పోయిన సంగతి, సారు చేసిన తప్పు నివేదికలో రాశాను. ఆయన రాజీనామా చేశాడు. అడగడానికి నోరు రాని మనిషినే ముందు అడగాలని ఆ ఏడు నేర్చుకున్నాను. కిందటేడు నేను రసీదు చూడలేదన్న మాట మాత్రం నివేదికలో లేదు. రాయడానికి భయపడ్డాను.